హెల్వాన్ కైరో కిందికి వస్తుందా?

ఆ ఉదయం ఏడున్నరకి, హెల్వాన్‌లో ఒక చిన్న హోటలు మూడో అంతస్తులో, షెహాతా మాస్టారు ఉడికించిన గుడ్డు పెంకు తీస్తూ తన కుటుంబానికి ఆ రోజు యుద్ధవ్యూహం వివరిస్తున్నాడు. చిక్కుడుగింజల గిన్నెకీ టీ గ్లాసులకీ మధ్య బల్లమీద ఒక డ్రాయింగ్ షీటు పరిచి ఉంది. మల్లవి ఊళ్ళో మగపిల్లల బడిలో ఇరవై రెండేళ్ళుగా భూగోళం చెప్తున్న మనిషి కనక, దానిమీద నైలు నది నీలంగా, మెట్రో లైను ఎర్రగా, తాము నడవవలసిన దారి ఆకుపచ్చ చుక్కలుగా ఉన్నాయి.

"ఎనిమిదింటికి మెట్రో. తొమ్మిదింటికి తహ్రీర్ కూడలి. పన్నెండు దాకా మ్యూజియం. తర్వాత కోషరీతో భోజనం. మూడింటికి నైలు మీద తెరచాప పడవ, గంటసేపు. పొద్దు గుంకే వేళకి కైరో టవరెక్కి ఊరంతా పైనుంచి చూస్తాం. రేపు పిరమిడ్లు," అన్నాడు.

"మరి బాత్రూముకో?" అంది తల్లి బహీగా. ఆమెకి డెబ్భై రెండేళ్ళు.

"మ్యూజియంలో వెళ్దువుగానమ్మా. మూడో చుక్క పక్కన రాశాను చూడు."

భార్య అవాతిఫ్ నవ్వింది. ఆమె కొత్త గళ్ళ చీటీ గౌను వేసుకుని అయిదున్నరకే తయారైపోయింది. పద్నాలుగేళ్ళ కూతురు షురూక్ అయితే రాత్రంతా నిద్రే పోలేదు. కిటికీలోంచి మెట్రో రైళ్ళు లెక్కపెట్టింది.

నిజానికి వీళ్ళు కైరో రావడం ఇది మొదటిసారి కాదు. ఆరేళ్ళ కిందట ఒకసారి వచ్చి, షుబ్రాలో షెహాతా పెదనాన్న కొడుకు అబ్బాస్ ఇంట్లో దిగారు. అయిదు రోజులున్నారు. మొదటి రోజు అబ్బాస్ ఇంట్లో విందు. రెండో రోజు అబ్బాస్ వియ్యంకుడింట్లో. మూడో రోజు కింది వాటావాళ్ళింట్లో. నాలుగో రోజు అందరికీ అజీర్తి. అయిదో రోజు రైలు. ఊరెళ్ళాక బడిలో 'నేను చూసిన కైరో' అని వ్యాసం రాయమంటే షురూక్, కైరోలో ఒక బాల్కనీ ఉంది, దాని ఎదురుగా ఒక టైర్ల కొట్టు ఉంది అని రాసి ఊరుకుంది. ఆ వ్యాసం చదివిన రోజునే షెహాతా ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈసారి ఎవరికీ చెప్పకుండా రావాలి. ఊరి నడుమ హోటళ్ళు తన జీతానికి అందవు. ఊరికి దక్షిణపు కొసన హెల్వాన్‌లో అయితే సగానికి సగం తక్కువ, పొద్దున్న టిఫిను వాళ్ళదే, మెట్రోకి పది నిమిషాల నడక. పైగా షుబ్రా ఉన్నది ఉత్తరపు కొసన. అబ్బాస్‌కీ తమకీ మధ్య కోటిన్నర మంది జనం అడ్డం.

అంత జాగ్రత్త దేనికంటే, అబ్బాస్ ఒట్టుకి. అబ్బాస్ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చేతులు మంచివి, మనసు ఇంకా మంచిది, నోరే ఆగదు. ప్రతి ఏడూ మల్లవి వచ్చి పిన్ని బహీగా చేతివంట తిని వెళ్ళేటప్పుడు, రైలు మెట్టుమీద నిలబడి ప్లాట్‌ఫారం అంతా వినేలా అరుస్తాడు: "మీరు కైరో వచ్చి మా ఇంట్లో కాక ఇంకెక్కడైనా పడుకున్నారో, నా పెళ్ళాం ఇన్షిరాహ్‌కి తలాకే!" ఆ ఒట్టు ఆయనకి ఉప్పులాంటిది. టమాటాల బేరంలో పడుతుంది, ఫుట్‌బాల్ ఆటలో పడుతుంది, మరి కాస్త అన్నం వడ్డించేటప్పుడూ పడుతుంది. అయినా ఒట్టు ఒట్టే కదా అని షెహాతా భయం.

డ్రాయింగ్ షీటు మడుస్తుండగా ఫోను మోగింది. దానిమీద 'అబ్బాస్ అన్నయ్య' అని కనబడగానే షెహాతా షీటు జారవిడిచాడు.

"తమ్ముడూ! ఎక్కడున్నావురా?" అన్నాడు అబ్బాస్.

"ఇంకెక్కడుంటాను అన్నయ్యా, మల్లవిలో. ఇంట్లోనే."

"ఇంట్లోనే ఉన్నావా? అయితే తలుపు తియ్యి. పావుగంట నుంచి బాదుతున్నాను!"

షెహాతా కుర్చీలోంచి దిగ్గున లేచాడు. అవాతిఫ్ ఏమిటన్నట్టు చూసింది. "మన గుమ్మంలో ఉన్నాడు," అన్నాడు ఫోను చేత్తో మూసి. తర్వాత ఫోనులో, "అంటే... ఇంట్లో అంటే ఇంట్లో కాదన్నయ్యా. బజారుకొచ్చాను," అన్నాడు.

"పిన్నేదీ?"

"అమ్మ కూడా బజారుకే."

"పొద్దున్నే అందరూ కలిసి బజారేమిట్రా? ఏ బజారు చెప్పు, నేనే వస్తా."

ఇంతలో ఫోనులో దూరంగా ఒక ఆడగొంతు ఖంగుమంది. పక్కింటి ఉమ్మ్ సాబిర్. పావురాలకి మేత వెయ్యమని తాళంచెవి ఆమెకిచ్చి, కైరో సంగతి ఎవరికీ చెప్పొద్దని షెహాతా మూడుసార్లు చెప్పి వచ్చాడు. "ఎవరు కావాలి నాయనా? మాస్టారు వాళ్ళా? నిన్న మధ్యాహ్నం రైల్లో కైరో వెళ్ళారు! ఎవరికీ చెప్పొద్దన్నారు!"

తర్వాత అబ్బాస్ గొంతు నెమ్మదిగా వచ్చింది. "రాత్రి ఎక్కడ పడుకున్నారు తమ్ముడూ?"

షెహాతా గుడ్డు పెంకులు ఒక పక్కకి పోగుచేశాడు.

"హోటల్లోనా?"

ఇంకో పెంకు ఏరాడు.

"అయితే నా ఇన్షిరాహ్..." అని అబ్బాస్ ఆగిపోయాడు. గుమ్మం మెట్టుమీద కూలబడిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఫోను ఆగిపోయింది.

షెహాతా గుడ్డు ఉన్న పళ్ళెం అవతలికి తోసేశాడు. "ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురం! నా చేతులతో కూల్చేశాను," అన్నాడు.

"నువ్వు కూల్చడమేమిట్రా, వాడి నోటి దూల. అన్నయ్య ఇంటికి రాకుండా దొంగల్లా వచ్చినందుకు మాత్రం నాకు తలవంపులుగానే ఉంది," అంది బహీగా.

అవాతిఫ్ చేతిసంచీ భుజాన వేసుకుంది. "ఇప్పుడు ఈ గదిలో కూర్చుని ఏడిస్తే తలాకు వెనక్కి పోతుందా? పదండి. ఆ ఏడుపేదో మ్యూజియంలో ఏడుద్దాం," అంది.

"నాన్నా," అంది షురూక్ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. "పెదనాన్న 'కైరో వచ్చి' అని కదా ఒట్టేసింది? మనం పడుకున్నది హెల్వాన్‌లో. హెల్వాన్ కైరో కిందికి వస్తుందా?"

షెహాతా కూతురి వంక ఎడారిలో నీటిచెలమ కనబడ్డట్టు చూశాడు.

మెట్రోలో ఆ ప్రశ్న అతను పక్కనున్న ముసలాయన్ని మెల్లిగానే అడిగాడు. కానీ కైరో మెట్రోలో మెల్లిగా అడిగిన ప్రశ్న అంటూ ఉండదు. ఆ ముసలాయన మునిసిపాలిటీలో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు.

"ఎందుకు రాదయ్యా? కైరో జిల్లాలోనే ఉంది. మధ్యలో మూడేళ్ళు వేరే జిల్లా చేశారు. మళ్ళీ కలిపేశారు," అన్నాడు.

"అయితే మీ అన్నయ్య ఆ మూడేళ్ళలో ఒట్టేశాడేమో కనుక్కోండి!" అన్నాడు పుస్తకాలు పట్టుకున్న కాలేజీ కుర్రాడొకడు.

"హెల్వాన్ కైరో ఏమిటండీ? మా అత్తారిది కైరో. పండక్కి మా హెల్వాన్ రమ్మంటే, అంత దూరం ప్రయాణం మావల్ల కాదంటారు," అంది కూరల సంచీ ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ.

"అంటే మేం పల్లెటూరివాళ్ళమా? మాది హెల్వాన్. నా గుర్తింపు కార్డు మీద కైరో అని ఉంది, చూస్కో!" అని ఒక లావుపాటాయన లేచి కార్డు తీశాడు.

"పన్ను కట్టేటప్పుడు కైరో. చెత్త ఎత్తేటప్పుడు హెల్వాన్," అని మూలనుంచి ఎవరో అన్నారు. దానికి మాత్రం రెండు పక్షాలవాళ్ళూ ఒప్పుకున్నారు.

మాదీ అనే స్టేషను వచ్చేసరికి పెట్టె రెండు పార్టీలుగా చీలిపోయింది. ఆ గోలలో అవాతిఫ్ ఫోను మోగింది. ఇన్షిరాహ్! అవాతిఫ్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "అక్కా..." అంటూనే ఏడుపు గొంతు పెట్టింది.

"ఏడవకే. మీ బావగారు ఇప్పుడే ఫోను చేశారు. 'నేనొచ్చి మన మసీదు షేక్‌గారిని అడిగేదాకా నన్ను మొగుడనుకోకు' అన్నారు. సరే అన్నాను. ఇంతకీ మీరెక్కడ?"

"మెట్రోలో. తహ్రీర్ వెళ్తున్నాం అక్కా."

"అక్కడే దిగి ఉండండి. నేనూ వస్తున్నా."

తహ్రీర్ మెట్ల దగ్గర నలుగురూ నేరస్థుల్లా వరసగా నిలబడ్డారు. ఏమని ఓదార్చాలో షెహాతా మనసులో నాలుగు రకాలుగా కూర్చుకున్నాడు. ఆమె ఏ నల్లబట్టల్లోనో కళ్ళు తుడుచుకుంటూ వస్తుందనుకున్నాడు.

ఇన్షిరాహ్ పసుపుపచ్చ గౌనులో, కొడుకు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఒక చేతిలో చేతిసంచీ, ఇంకో చేతిలో ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన డబ్బా పట్టుకుని, మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది.

"వదినా, నన్ను క్షమించు," అన్నాడు షెహాతా.

"దేనికి? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను మరిదీ. ఏం చూశాను? షుబ్రా బజారు, వంటిల్లు, పురుళ్ళాసుపత్రి. ఎప్పుడడిగినా వచ్చే శుక్రవారం అంటారు. నా పేరు చెప్పి టమాటాలకి ఒట్టేశారు, లిఫ్టు బటన్లకి ఒట్టేశారు. ఇన్నేళ్ళలో నాకు ఒక సెలవు తెచ్చిపెట్టిన ఒట్టు ఇదొక్కటే. ఏదీ, ఆ ప్లాను చూపించు!"

షెహాతా డ్రాయింగ్ షీటు విప్పాడు. ఆమె ఆకుపచ్చ చుక్కల మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించింది. "టవరు కూడానా!" అని చిన్నపిల్లలా షురూక్ చెయ్యి పట్టుకుంది. ఇంత గండంలో ఆవిడకి ఆ నిబ్బరం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ తర్వాత ఆమెని పట్టడం ఎవరితరమూ కాలేదు. మ్యూజియంలో రాజుల కన్నా రాణుల దగ్గర ఎక్కువసేపు నిలబడింది. జంటగా కూర్చున్న ఒక రాజూ రాణీ రాతిబొమ్మ ముందు ఆగి, "చూడవే అవాతిఫ్, ఈవిడ చెయ్యి ఆయన వీపు మీద. నాలుగువేల ఏళ్ళుగా తియ్యలేదు. ఈయన నోరు మూసుకుని కూర్చున్నాడు కాబట్టే," అంది. బహీగా నవ్వి నవ్వి మూడో చుక్క పక్కన రాసిన చోటికి పరిగెత్తవలసి వచ్చింది.

ఇటు వీళ్ళు తిరుగుతుంటే అటు అబ్బాస్ రైల్లో వస్తున్నాడు. స్టేషను స్టేషనుకీ షెహాతాకి ఫోను చేస్తున్నాడు. మిన్యాలో, "నా పరువు తీశావు కదరా!" అని అరిచాడు. మాస్టారు అప్పుడు మమ్మీల గదిలో ఉన్నాడు, కాపలావాడు బయటికి పంపాడు. బెనీ సువేఫ్ దగ్గర, కోషరీ పళ్ళెం ముందు కూర్చుని ఉండగా మళ్ళీ మోగింది. "మీ వదిన ఏమైనా తిన్నదా?" అన్నాడు. తిన్నది, రెండో పళ్ళెం తెప్పించుకుంది అని షెహాతా చెప్పలేకపోయాడు. "కొంచెం కొంచెం తింటోంది," అన్నాడు. గీజా దగ్గరికి వచ్చేసరికి అబ్బాస్ గొంతు పూర్తిగా మారిపోయింది. "తమ్ముడూ, నువ్వు భూగోళం మాస్టారివి. నిజం చెప్పు. హెల్వాన్ అసలు కైరో కాదు కదా?"

షెహాతా జవాబు చెప్పేలోపల ఇన్షిరాహ్ ఫోను లాక్కుంది. ఎప్పుడూ 'ఏమండీ' తప్ప ఆయన్ని ఇంకో పిలుపు పిలిచి ఎరగని మనిషి, "అబ్బాస్‌గారూ, మేం తహ్రీర్ దగ్గర పడవెక్కుతున్నాం. ఉంటానండీ," అని పెట్టేసింది.

అబ్బాస్ ఆ 'గారు'కే సగం చచ్చిపోయాడు.

నైలు మీద పడవ బయల్దేరిన పావుగంటకి గాలి పడిపోయింది. తెరచాప తడిబట్టలా వేలాడింది. పడవ నది నడిమధ్యన ఆగిపోయింది. "దేవుడి గాలి. ఆయన ఇస్తే వస్తుంది," అని పడవ ముసలాయన టీ కాచడం మొదలుపెట్టాడు. ఎండ వాలింది. నీళ్ళు బంగారు రేకులా మెరుస్తున్నాయి. షురూక్ కాళ్ళు నీళ్ళలో పెట్టి పాట అందుకుంది. అవాతిఫ్ చప్పట్లు కొడుతోంది. సరిగ్గా అప్పుడు ఒడ్డునుంచి ఒక కేక వినబడింది.

"ఇన్షిరాహ్!"

గట్టు గోడమీద అబ్బాస్ నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకి తడిసిపోయింది, చేతిలో పనిముట్ల పెట్టె ఉంది. "ఒడ్డుకి రావే!" అని అరిచాడు.

"మీరెవరండీ?" అంది ఇన్షిరాహ్.

గట్టుమీద నడిచేవాళ్ళు ఆగిపోయారు. ఎవరో ఆయన్ని నిదానంగా మాట్లాడమన్నారు, ఇంకెవరో గట్టిగా మాట్లాడమన్నారు. అబ్బాస్ మెట్లు దిగి ఒక చేపలవాడి తెడ్ల పడవ ఎక్కి, తెడ్డు తనే లాక్కుని వెయ్యడం మొదలుపెట్టాడు. లిఫ్టులు పైకీ కిందికీ నడిపిన చేతులు కనక పడవ మొదట గుండ్రంగా తిరిగింది. అయిదు నిమిషాల తర్వాత రొప్పుతూ వచ్చి వీళ్ళ పడవ అంచు పట్టుకున్నాడు. ఇన్షిరాహ్ అవతలి పక్కకి జరిగి కూర్చుంది.

"పిన్నీ, మీరైనా చెప్పండి," అన్నాడు అబ్బాస్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను మర్యాదకే అన్నాను. మిమ్మల్ని మా ఇంటికి తెచ్చుకోవాలనే అన్నాను. ఇన్షిరాహ్ లేకపోతే నా బతుకేమిటి?"

ఆ మాటకి పడవలో ఎవరూ నవ్వలేదు. ఇన్షిరాహ్ కూడా నల్లకళ్ళద్దాలు తీసింది. చేతిసంచీలోంచి ఫోను తీసి, షుబ్రాలో తమ వీధి మసీదు షేక్ మిత్వల్లీగారికి చేసి, స్పీకరు పెట్టి, రెండు పడవల మధ్యా పట్టుకుంది. సంగతంతా తనే చెప్పింది.

"ముందు స్థలం సంగతి తేలాలి. హెల్వాన్ కైరో కిందికి వస్తుందా? ఎవరికైనా రూఢిగా తెలుసా?" అన్నాడు షేక్.

"మా మరిది భూగోళం మాస్టారండీ."

"అయితే మాస్టారే చెప్పాలి."

అందరూ షెహాతా వంక చూశారు. అబ్బాస్ అటునుంచి చేతులు రెండూ జోడించి, కాదని చెప్పు, కాదని చెప్పు అని పెదాలతో బతిమాలుతున్నాడు. షెహాతా నీళ్ళవైపు తిరిగాడు. ఒక్క అబద్ధం. పొద్దున్న చెప్పినవాటి ముందు ఇదెంత? కానీ ఇరవై రెండేళ్ళుగా తను గోడకి వేలాడదీసిన పటం కళ్ళముందుకొచ్చింది. దానిమీద కర్రపెట్టి చూపించిన సరిహద్దు కనబడింది.

"వస్తుందండీ," అన్నాడు నీరసంగా. "కైరో జిల్లాలోదే."

అబ్బాస్ చేపల బుట్టమీద కూలబడ్డాడు.

"అబ్బాస్, ఆ మాట అన్నప్పుడు నీ మనసులో భార్యని వదిలేసే ఉద్దేశం ఉందా?" అన్నాడు షేక్.

"అల్లా సాక్షిగా లేదండీ! వీళ్ళు రావాలనే!"

"అయితే అది విడాకులు కాదు, బెదిరింపు ఒట్టు. కాపురానికేం ఢోకా లేదు. ఒట్టు తప్పినందుకు మాత్రం పదిమంది పేదవాళ్ళకి కడుపునిండా అన్నం పెట్టాలి. బంధువులు లెక్కలోకి రారు. ఇకమీదట ఆ మాట నీ నోట వినబడకూడదు."

అవాతిఫ్ సంతోషం పట్టలేక పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు పలికే జఘ్రూతా పలికింది. ఆ నాలుక మోతకి గట్టుమీది జనం చప్పట్లు కొట్టారు. అబ్బాస్ ఒక కాలు ఇటు పడవలో పెట్టబోయాడు. దానితో ఆయనకి ధైర్యం కూడా వచ్చేసింది. "చూశారా షేక్‌గారూ! నేను వీళ్ళమీద ప్రేమతో మల్లవి దాకా వెళ్తే, వీళ్ళు నా ఊరొచ్చి హోటల్లో దిగుతారా?" అన్నాడు.

"ఆగండి," అంది ఇన్షిరాహ్. "మీరు మిన్యాలో లిఫ్టు పని ఉందని మొన్న వెళ్ళారు. నిన్న రాత్రి నాకు ఫోను చేసి ఏమన్నారు? 'మల్లవిలో పిన్నింట్లో ఉన్నాను, పిన్ని పావురం వండింది, తిని పడుకుంటున్నాను' అనలేదూ?"

అబ్బాస్ కాలు గాల్లోనే ఆగింది.

"నిన్న రాత్రి నేను హెల్వాన్‌లో ఉన్నాను," అంది బహీగా. "ఎవరు వండార్రా పావురం?"

"పిన్నీ..."

"ఎక్కడ పడుకున్నావురా అబ్బాసూ?"

"మిన్యాలో," అన్నాడు అబ్బాస్. "హోటల్లో. డాక్టరు నెయ్యి మానమన్నాడు పిన్నీ. మీ ఇంటికొస్తే మీరు మాననివ్వరు. ఒక్క రాత్రైనా ఖాళీ కడుపుతో పడుకుని, పొద్దున్నే మిమ్మల్ని పలకరించి పోదామని..."

"పొద్దున్న మీరు ఫోను చేసి, వాళ్ళు కైరోలో ఉన్నారనగానే మీ పావురం అబద్ధం నాకు తెలిసిపోయింది," అంది ఇన్షిరాహ్ తీరిగ్గా డబ్బా మూత తీస్తూ. "కానీ అప్పుడే చెబితే పడవ షికారు ఉండేదా? ఏమండీ, ఆ కాలు లోపల పెట్టండి, పడిపోతారు. ఇదిగో, ద్రాక్షాకులు. నెయ్యి వెయ్యలేదు."

ఆ 'ఏమండీ' వినగానే అబ్బాస్ మొహం వెలిగిపోయింది. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. బహీగా మూడు నిమిషాలు కోపంగా ఉండి, నాలుగో నిమిషంలో అతని చొక్కా తడి పిండమంది. అప్పుడే పైనుంచి చల్లగా గాలి తగిలి తెరచాప బొజ్జలా ఉబ్బింది. పడవ కదిలింది. ఇప్పుడు తిన్నగా వెళితే టవరు అందుతుందని షెహాతా లెక్కవేశాడు.

ఫోను ఇంకా స్పీకరులోనే ఉందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

"అమ్మా ఇన్షిరాహ్," అన్నాడు షేక్ మిత్వల్లీగారు చిన్నగా దగ్గి. "ఆ స్పీకరు ఆపి ఒకసారి మాస్టారికి ఇవ్వు తల్లీ."

షెహాతా భక్తిగా రెండు చేతులతో ఫోను అందుకుని చెవికి ఆనించుకున్నాడు. ఇంకేం శిక్ష వేస్తారోనని అతని భయం.

"ఏం లేదు మాస్టారూ, వచ్చే నెల మా ఆవిడతో అలెగ్జాండ్రియా వెళ్తున్నాం, అక్కడ మా తమ్ముడుంటాడు," అన్నాడు షేక్ గొంతు బాగా తగ్గించి. "ఆ ఊరి శివార్లలో మీకు తెలిసిన మంచి హోటలేదైనా ఉందా?"